మాడిఫై చేసిన కెమెరాకు తొలి డీప్ స్కై టార్గెట్లు: 135 ఎంఎం లాగ్

సెటప్: లోపలి ఫిల్టర్ మార్చిన ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్, 135 ఎంఎం ఎఫ్ 2 లెన్స్, నక్షత్రాల కదలికతో పాటు కెమెరాను తిప్పే చిన్న స్టార్ ట్రాకర్. గైడింగ్ (ట్రాకర్ తప్పుల్ని రెండో కెమెరాతో దిద్దడం) లేదు. ఈ సరంజామాకు ఏ డీప్ స్కై టార్గెట్ (సౌరకుటుంబానికి ఆవల ఉన్న వస్తువు) ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకుంటూ రాస్తున్న లాగ్ ఇది.

ముందు ఒక మాట. మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్, 656.3 నానోమీటర్ల దగ్గరి ఎరుపులో సుమారు నాలుగో వంతునే లోపలికి వదులుతుంది. హైడ్రోజన్ ఆల్ఫా కాంతి సరిగ్గా అక్కడే ఉంటుంది. ఫిల్టర్ మార్చాక అది దాదాపు మొత్తం సెన్సర్‌కు చేరుతుంది కాబట్టి అదే ఎక్స్‌పోజర్‌కు మూడు నాలుగు రెట్లు సిగ్నల్ వస్తుంది. ఈ లాభం హైడ్రోజన్ వాయువు తానే వెలిగే నెబ్యులాలకు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలకు) మాత్రమే. కృత్తికల చుట్టూ కనిపించే నీలి పొగ నక్షత్రాల వెలుగును తిప్పికొట్టే ధూళి; దానికి మాడిఫికేషన్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఆండ్రోమెడా గెలాక్సీకీ దాదాపు అంతే, దాని సర్పిలాకార చేతుల్లో అక్కడక్కడా గులాబీ చుక్కలు మాత్రం అదనంగా తేలతాయి.

అందుకే మొదటి టార్గెట్‌గా ఎం42, అంటే ఒరాయన్ నెబ్యులా, వద్దనే మా అభిప్రాయం. అది మామూలు కెమెరాలోనూ బాగానే వస్తుంది, కాబట్టి మార్పు ఎంత పనిచేసిందో దానితో తెలియదు. పైగా మధ్యలోని ట్రపీజియం నక్షత్రాల గుంపు 30 సెకన్లకే తెల్లగా కాలిపోతుంది, అంచుల్లోని పలచటి పొగకేమో 2 నిమిషాలు కూడా చాలవు. 5, 30, 120 సెకన్ల సెట్లు వేర్వేరుగా తీసి, స్టాక్ చేసి (ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీసి), మాస్కులతో (ఏ భాగం ఏ సెట్ నుంచి రావాలో చెప్పే పొరలతో) కలపాలి. మొదటి ప్రాసెసింగ్‌కే ఇంత పని పెట్టుకోనక్కర్లేదు.

ఫ్రేమ్ లెక్క

సెన్సర్ పొడవును ఎంఎంలలో తీసుకుని 57.3తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఫ్రేమ్ ఎన్ని డిగ్రీలో వస్తుంది. 22.3 × 14.9 ఎంఎం సెన్సర్‌కు 135 ఎంఎం మీద 9.5 × 6.3 డిగ్రీలు, 200 మీద 6.4 × 4.3, 400 మీద 3.2 × 2.1. టార్గెట్ ఫ్రేమ్ పొడవులో కనీసం ఐదో వంతైనా ఆక్రమిస్తే చూడటానికి బాగుంటుంది. 135కు 2 డిగ్రీలు దాటినవి, లేదా పక్కపక్కన ఉన్న జంటలు సరిపోతాయి. రింగ్ నెబ్యులా లాంటివి ఇందులో నక్షత్రాల మధ్య ఒక చుక్కగా మిగిలిపోతాయి.

ఎత్తు లెక్క ఇంకా సులువు. మీ అక్షాంశానికీ వస్తువు డెక్లినేషన్‌కూ (ఆకాశంలో దాని అక్షాంశానికీ) ఉన్న తేడాను 90లోంచి తీసేస్తే, అది ఆకాశంలో ఎక్కగల గరిష్ఠ ఎత్తు వస్తుంది. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, −60 దగ్గరున్న కరీనా నెబ్యులా 10 డిగ్రీలకు మించి లేవదు. +61లోని హార్ట్ నెబ్యులా 49 డిగ్రీల దాకా వస్తుంది. 30 కంటే తక్కువ ఎత్తులో ఉండిపోయేవాటిని మొదటి జాబితాలోంచి తీసేశాం. ప్రతి వస్తువూ రోజుకు 4 నిమిషాలు, నెలకు 2 గంటలు ముందుగా ఉదయిస్తుంది. అర్ధరాత్రి నడినెత్తి గీత (ఉత్తరం నుంచి దక్షిణానికి నడినెత్తి మీదుగా పోయే ఊహాగీత) దాటే నెలకు ఒక నెల అటూ ఇటూ దాని సీజన్ అనుకోవచ్చు.

రోజెట్ నెబ్యులా: పూర్తి, మొదటి స్థానం దీనికే

అర్ధరాత్రి గీత దాటేది డిసెంబర్ చివర. ఆర్ద్ర నుంచి ప్రోసియాన్ వైపు గీత గీసి, మూడో వంతు దూరంలో ఆగి, ఒకటిన్నర డిగ్రీ దక్షిణానికి జరిగితే ఎన్‌జీసీ 2244 నక్షత్ర గుచ్ఛం తగులుతుంది. నెబ్యులా కంటికి కనబడకపోయినా ఈ గుచ్ఛాన్ని పట్టుకుని ఫ్రేమ్ కుదర్చవచ్చు. ఐఎస్‌ఓ 6400, 15 సెకన్లతో ఒక టెస్ట్ షాట్ తీసి చూస్తే, రెండు వరుసలుగా నిలిచిన ఆరు నక్షత్రాలు పొడవాటి పెట్టెలా కనిపిస్తాయి. వాటి చుట్టూ పలచటి ఎర్ర వలయం ఒక్క ఫ్రేమ్‌లోనే తెలుస్తుంది. మాడిఫికేషన్ సరిగా కుదిరిందా లేదా అన్నదానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు.

నెబ్యులా వెడల్పు 1.3 డిగ్రీలే కాబట్టి 135లో ఒంటరిగా చిన్నదైపోతుంది. కెమెరా పొడవు వైపును ఉత్తర దక్షిణాలకు తిప్పితే, 5 డిగ్రీల పైన ఉన్న కోన్ నెబ్యులా, క్రిస్మస్ ట్రీ గుచ్ఛం కూడా ఫ్రేమ్‌లోకి వస్తాయి. సెట్టింగ్స్: ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 800, ఒక్కో సబ్ (విడి ఎక్స్‌పోజర్) 90 సెకన్లు. చీకటి ఆకాశంలో మొత్తం 2 గంటలు చాలు. పట్టణ వెలుతురులో దీనికి రెండు మూడు రెట్లు పెట్టుకోవాలి.

నార్త్ అమెరికా, పెలికన్: పూర్తి

ఆగస్ట్ మొదట్లో అర్ధరాత్రికి నడినెత్తి గీతకు వస్తాయి. డెనెబ్‌కు 3 డిగ్రీల తూర్పున వెతకాలి. రెండూ కలిసి 135కు చక్కగా కుదురుతాయి. డెనెబ్‌ను ఫ్రేమ్ అంచు మీద మాత్రం పెట్టకండి, దాని హేలో (చుట్టూ కమ్మే వెలుగు వలయం) సగం తెగి మచ్చలా మిగులుతుంది. పూర్తిగా లోపలికి తెండి, లేదంటే బాగా బయటికి పంపండి. మెక్సికో గల్ఫ్ ఆకారంలోని చీకటి భాగమే ఇక్కడ కాంట్రాస్ట్‌కు ప్రాణం. బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఆకాశపు వెలుతురును కొలిచి తీసేయడం) చేసేటప్పుడు శాంపిల్ చుక్కలు అక్కడ పడితే దాన్ని ఆకాశమనుకుని సాఫ్ట్‌వేర్ చదును చేసేస్తుంది. వాటిని చేత్తో తీసేయాలి.

లగూన్, ట్రిఫిడ్: పూర్తి, రంగు సరిచూసుకోవడానికి ఇదే మంచిది

జూన్ చివర, ధనుస్సులో. లగూన్ (ఎం8), ట్రిఫిడ్ (ఎం20) ఒకదానికొకటి 1.4 డిగ్రీల దూరమే. ట్రిఫిడ్‌లో ఎర్ర భాగం హైడ్రోజన్‌ది, దాన్ని ఆనుకున్న నీలి భాగం కృత్తికల పొగ లాంటి ప్రతిఫలన నెబ్యులాది. మాడిఫై చేసిన కెమెరాలో ప్రతి ఫ్రేమూ గులాబీ రంగులో కనిపిస్తుంది కాబట్టి రంగు కుదిరిందో లేదో కంటితో తేల్చుకోవడం కష్టం. ట్రిఫిడ్ నీలం చక్కగా విడిపడి కనిపిస్తే కుదిరినట్టే. అదీ ఊదాగానో ఎర్రగానో ఉంటే సీరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఫోటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ (నక్షత్రాల తెలిసిన రంగులతో పోల్చి రంగు సరిచేయడం) మళ్లీ చేయాలి. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక, స్ట్రెచ్ చేయకముందు (మసక భాగాలను వెలుగులోకి లాగకముందు) చేయాల్సిన పని అది.

కాలిఫోర్నియా: ఇంకా ఎక్స్‌పోజర్ కావాలి

నవంబర్ మూడో వారం. పెర్సియస్‌లోని జై పెర్సీ నక్షత్రం పక్కనే ఉంటుంది, పొడవు 2.5 డిగ్రీలు. కాంతి చాలా పలచన, ఉన్నదంతా దాదాపు ఎరుపే. మామూలు కెమెరా ఉన్నవాళ్లను బాగా నిరుత్సాహపరిచేది ఇదే. 2 గంటలకు ఆకారం వచ్చింది కానీ లోపలి పోగులు నాయిస్‌లో కలిసిపోయాయి. 4 గంటల దాకా పోవాలి. ఈ కెమెరాల్లోని బేయర్ సెన్సర్‌లో (పిక్సెళ్ల మీద రంగు ఫిల్టర్ల గళ్లున్న సెన్సర్‌లో) నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే ఎరుపును పట్టుకుంటుందని గుర్తుంచుకుంటే ఇంత సమయం ఎందుకో అర్థమవుతుంది.

హార్స్‌హెడ్: వాయిదా

135లో ఎం42తో కలిపి ఒకే ఫ్రేమ్‌లో పడుతుంది, ఎర్ర తెర కూడా బాగా వస్తుంది. కానీ గుర్రం తల 8 ఆర్క్‌మినిట్ల (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్‌మినిట్, అందులో 60వ వంతు ఆర్క్‌సెకన్) వస్తువు. 4.3 మైక్రాన్ల పిక్సెల్‌కు 135 మీద పిక్సెల్‌కు 6.6 ఆర్క్‌సెకన్లు, అంటే తల మొత్తం 70 పిక్సెళ్లు. మెడ వంపు కనిపించాలంటే 400 ఎంఎం కావాలి.

ఎక్కడ చెడుతోంది

హిస్టోగ్రామ్‌ను (వెలుగు స్థాయిల గ్రాఫ్‌ను) మూడు రంగుల్లో విడివిడిగా చూడాలి. ఎర్ర గుట్ట మిగతా రెండింటికంటే కుడికి పోతుంది. అది ఎడమ నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంటే సబ్ నిడివి సరిపోయినట్టు. మూడు రంగులూ కలిపి చూపే తెల్ల హిస్టోగ్రామ్‌ను నమ్ముకుంటే ఎరుపు ఎప్పుడు నిండిపోయిందో తెలియదు.

ఫోకస్ లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి, బహ్తినోవ్ మాస్క్‌తోనే (ఫోకస్ కుదిరిందో లేదో నక్షత్రం చుట్టూ గీతలతో చూపే గాట్ల మూత) చేయాలి. ఫిల్టర్ మందం మారితే సెన్సర్ మీద ఫోకస్ బిందువు జరుగుతుంది, కాబట్టి లెన్స్ మీది ఇన్ఫినిటీ గుర్తూ వ్యూఫైండర్ ఆటోఫోకస్సూ రెండూ తప్పుతాయి.

ఫుల్ స్పెక్ట్రమ్ మాడిఫికేషన్ (ఫిల్టర్‌ను పూర్తిగా తీసేయడం) అయితే యూవీ/ఐఆర్ కట్ ఫిల్టర్ తప్పనిసరి. లెన్సులు ఇన్‌ఫ్రారెడ్‌ను అదే చోట ఫోకస్ చేయవు, నక్షత్రాలు ఉబ్బి చుట్టూ పొగ కమ్ముతుంది. అలాంటి కెమెరాకు పల్చటి ప్లాస్టిక్ మూతలు కూడా పూర్తి అడ్డు కాకపోవచ్చు కాబట్టి డార్క్స్‌ను (నాయిస్ తీసివేతకు లెన్స్ మూసి తీసే ఫ్రేములను) చీకట్లో, వ్యూఫైండర్ మూసి తీయాలి. క్లిప్-ఇన్ ఫిల్టర్ (కెమెరా బాడీ లోపల బిగించేది) కొనేముందు ఇంకొకటి చూసుకోండి: కానన్ ఈఎఫ్-ఎస్ లెన్సుల వెనక భాగం బాడీలోకి చొచ్చుకు వస్తుంది, చాలా క్లిప్‌లకు తగులుతుంది.

సాగిన నక్షత్రాలు కనిపించగానే అందరూ ధ్రువ అమరికను (ట్రాకర్ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి గురిపెట్టడాన్ని) అనుమానిస్తారు. లెక్క వేస్తే అది 5 ఆర్క్‌మినిట్లు తప్పినా 2 నిమిషాల్లో జరిగేది 3 ఆర్క్‌సెకన్ల లోపే, పిక్సెల్‌లో సగం కూడా కాదు. ముందు చూడాల్సింది ట్రాకర్ గేర్ల పీరియాడిక్ ఎర్రర్ (ప్రతి చుట్టులో తిరిగి తిరిగి వచ్చే వేగపు తేడా), బిగించని బాల్‌హెడ్, గాలికి ఊగే స్ట్రాప్. అయితే అదే తప్పు గంటలో 78 ఆర్క్‌సెకన్లు, అంటే 12 పిక్సెళ్లు అవుతుంది. సబ్‌లన్నీ ఒకే దిశలో నెమ్మదిగా జరగడం వల్ల స్టాక్‌లో వాలు చారలు పడతాయి. ప్రతి నాలుగైదు సబ్‌లకొకసారి ఫ్రేమ్‌ను పది పదిహేను పిక్సెళ్లు అటూ ఇటూ జరిపితే ఆ చారలు పోతాయి.

ఫ్లాట్స్ (ధూళి మచ్చలు, మూలల చీకటి సరిచేయడానికి సమంగా వెలిగే తెల్లని తలాన్ని తీసిన ఫ్రేములు) 25 నుంచి 30, అదే అపెర్చర్, అదే ఫోకస్, కెమెరా తిప్పకుండా. ఫిల్టర్ మార్చేటప్పుడు చేరిన ధూళి ఎఫ్ 2.8లో మసక వలయాలుగా, ఎఫ్ 5.6లో స్పష్టమైన మచ్చలుగా కనిపిస్తుంది, వేరే అపెర్చర్ ఫ్లాట్ వేస్తే మచ్చ పోకపోగా పక్కన తెల్ల అంచు కొత్తగా వస్తుంది.

తరువాత

50 ఎంఎం లెన్స్‌తో బర్నార్డ్స్ లూప్. ఎడ్వర్డ్ బర్నార్డ్ 1894లో ఫోటో తీసిన ఈ వంపు 10 డిగ్రీల మేర పరచుకుని ఉంటుంది. 50 మీద ఫ్రేమ్ 25.6 × 17.1 డిగ్రీలు కాబట్టి నిలువుగా పెడితే ఒరాయన్ తలమీది లాంబ్డా ఒరియోనిస్ వలయం కూడా పడుతుంది. ఎఫ్ 4, 120 సెకన్లు, చంద్రుడు లేని రాత్రులు మాత్రమే. ఆ తర్వాత వెయిల్ నెబ్యులా. అందులో ఎరుపుతో పాటు 500.7 నానోమీటర్ల ఆక్సిజన్ కాంతి కూడా బలంగా ఉంటుంది, ఈ రెండు కాంతుల్నే లోపలికి వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌ను అప్పుడే బయటికి తీస్తాం.