పడమటి గోడ మీది ఇన్వర్టర్

సోలార్ ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఇచ్చేవారు, వాటి డీసీ కరెంటును ఇంటి లైన్‌కు పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ల దగ్గరే ఆగిపోతారు. అలా ఎందుకు ఆగుతారో పోయిన ఏప్రిల్‌లో అనంతపురంలో మా మామయ్యగారి మేడ మీద కళ్లారా చూశాను. 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్‌ను మెట్ల గది పడమటి గోడకు, నీడన్నది లేకుండా బిగించారు. మూత విప్పితే ఫ్యాను రెక్కలకు ఎర్రదుమ్ము అట్టకట్టి ఉంది. డీసీ వైపు, కరెంటును క్షణకాలం దాచి వదిలే కెపాసిటర్లలో రెండింటి నెత్తి ఉబ్బి ఉంది.

ప్యానెళ్ల నుంచి శక్తి నిలకడగా వస్తుంది. సింగిల్ ఫేజ్ లైన్‌లోకి వెళ్లే శక్తి మాత్రం సెకనుకు 100 సార్లు ఎగసి పడుతుంది. ఆ తేడానంతా మోసేది ఈ కెపాసిటర్లే. ఆ మోతలో అవి వేడెక్కుతాయి, లోపలి ద్రవం మెల్లగా ఆరిపోతుంది, ఆరిన కొద్దీ నిరోధం పెరిగి మరింత వేడెక్కుతాయి. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలు పనిచేసే కెపాసిటర్‌కు ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకూ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది మా వృత్తిలో వాడుక లెక్క. రోజుకు 10 గంటల చొప్పున చూస్తే, 65 డిగ్రీల దగ్గర అది సుమారు 22 ఏళ్లు, 85 దగ్గర అయిదున్నరేళ్లు. కాబట్టి డిజైన్ చేసేవాడు లెక్కకట్టవలసింది ఊరి ఉష్ణోగ్రతను కాదు, మే నెల మధ్యాహ్నం ఆ మూసిన పెట్టె లోపలి ఉష్ణోగ్రతను. ఆరిపోయే ద్రవమే లేని ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అయితే అవి ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, ఖర్చు తగ్గించే సమావేశంలో మొదట కొట్టివేతకు గురయ్యేవీ అవే.

డీసీని ఏసీగా మార్చడానికి వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సిలికాన్ స్విచ్‌లైన ఐజీబీటీల సంగతి వేరు. వాటిని వేడి కన్నా వేడిలోని హెచ్చుతగ్గులు ఎక్కువగా దెబ్బతీస్తాయి. మబ్బు కమ్మి తొలగినప్పుడల్లా చిప్ చల్లబడి మళ్లీ కాగుతుంది. చిప్‌కు అతికించిన అల్యూమినియం తీగ వేడికి సిలికాన్ కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువగా సాగుతుంది కాబట్టి అతుకు దగ్గర సన్నని బీటతో మొదలై చివరికి తీగ లేచిపోతుంది.

కొత్త ఇన్వర్టర్‌ను మెట్ల గది లోపల, గాలి ఆడే చోట పెట్టించాను. పాతదైతే వాలుకుర్చీలోంచే యూనిట్లు కనబడేవని మామయ్య ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.