అజీర్తికి శొంఠి సరే, ఐబీఎస్‌కు ఏది?

మా విజయనగరం జిల్లాలో కడుపు ఉబ్బరంగా ఉందని ఎవరైనా అంటే, పక్కనున్నవారు మొదట అడిగేది వాము నమిలారా అని. ఆ ప్రశ్న సరైనదే. కానీ పెళ్లి భోజనం తరువాత వచ్చే అజీర్తికీ, నెలల తరబడి వదలని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌కూ, అంటే ఐబీఎస్‌కూ, ఒకే పొడి చెప్పడం సరికాదని, ఈ బాధను చాలాకాలంగా భరిస్తున్న మనిషిగా నేను గట్టిగా నమ్ముతున్నాను.

అజీర్తి విషయంలో మన పోపులపెట్టె మీద నాకు పూర్తి గౌరవం ఉంది. మా ఇంట్లో ఈనాటికీ శొంఠి కొమ్మును సాన మీద రెండు మూడు చుక్కల నీళ్లతో అరగదీస్తారు. ఆ గంధం వేలికి అంటుకునేంత చిక్కబడ్డాక, వేడి అన్నంలో చిటికెడు ఉప్పు, చెంచాడు నెయ్యితో కలిపి మొదటి ముద్దగా పెడతారు. నాలుకకు ముందు నెయ్యి కమ్మదనం తగులుతుంది, ఆ వెనకే ఘాటు గొంతులోకి దిగుతుంది. జీర్ణాశయం త్వరగా ఖాళీ కావడానికి అల్లం తోడ్పడుతుందని పరిశోధనల్లోనూ తేలింది కనుక, తిన్నది పైపొట్టలోనే నిలిచిపోయినట్టు బరువుగా ఉన్నప్పుడు ఇది తగిన మందే. ఆయుర్వేదంలో పేరున్న హింగ్వాష్టక చూర్ణమూ ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, జీలకర్ర, నల్లజీలకర్ర, సైంధవ లవణం చేర్చిన కూర్పే. దాన్ని కూడా నేతితో తొలి ముద్దలోనే తినమంటారు. అయితే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవారికి ఈ ఘాటు మందులు మంటను పెంచవచ్చు. వారికి జీలకర్ర, ధనియాలు మరిగించి వడకట్టిన నీళ్లు నయం.

ఐబీఎస్ సంగతి వేరు. ఐబీఎస్‌ను గుర్తించడానికి వైద్యులు వాడే, 2016లో వెలువడిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత 3 నెలలుగా సగటున వారానికి కనీసం 1 రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండడం, విరేచనాల సంఖ్య మారడం, మలం రూపం మారడం అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి. బాధ మొదలై 6 నెలలైనా అయి ఉండాలి. కొందరిలో మలబద్ధకం, కొందరిలో విరేచనాలు, మరికొందరిలో రెండూ మారిమారి వస్తాయి. మందు ఎంపిక అంతా ఇక్కడే ఉంది. మలబద్ధకం ఉన్నవారికి మేలు చేసే త్రిఫల చూర్ణం, విరేచనాలతో సతమతమయ్యేవారిని ఇంకా నీరసపరుస్తుంది. అలాగే ఎండబెట్టిన పచ్చి మారేడుకాయ గుజ్జును విరేచనాలు కట్టడానికి వాడతారు కానీ, మలబద్ధకం ఉన్నవారికి అది పనికిరాదు.

నన్ను అడిగితే, ముందుగా ప్రయత్నించవలసింది ఇసబ్‌గోల్ పొట్టు. నీటిలో జిగురుగా మారే ఈ పీచు గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, పలుచని మలానికి కొంత చిక్కదనమూ ఇస్తుంది. ఒక చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, పెద్ద గ్లాసుడు నీళ్లతో తాగాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనో పేగులోనో అడ్డుపడే ప్రమాదం ఉంది. నులిమినట్టు వచ్చే నొప్పికి పెప్పర్‌మింట్ నూనె గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) కొందరికి పనిచేస్తాయి, ఎందుకంటే అందులోని మెంథాల్ పేగు కండరాల బిగువును సడలిస్తుంది. రైతు బజారులో దొరికే పుదీనాలో సాధారణంగా మెంథాల్ బాగా తక్కువ కాబట్టి, పచ్చడి తిని అదే ఫలితం ఆశించకూడదు.

మందు కన్నా ముందు కంచం చూసుకోవాలి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించిన ఫోడ్‌మ్యాప్ (పేగులో సరిగా ఇంకక పులిసి గ్యాసు పుట్టించే పిండిపదార్థాలు) తగ్గించే ఆహార పద్ధతిలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, చాలా రకాల పప్పుధాన్యాలు కొంతకాలం తగ్గించి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి చూస్తారు. గ్యాసుకు మంచిదని మనవాళ్లు ప్రేమతో పెట్టే వెల్లుల్లి కారం ఐబీఎస్ ఉన్నవారిని నిజంగా బాధపెట్టవచ్చు. మన పలాస జీడిపప్పు కూడా ఆ జాబితాలోనిదే, చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. వెల్లుల్లి లేకుండా పెట్టిన ఇంగువ చారు, అన్నం మాత్రం చాలామందికి ఇబ్బంది లేకుండా సరిపడతాయి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా ఏ చూర్ణమూ మొదలుపెట్టకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

మూత్రపిండాల వ్యాధి ఇంతమందిని పీడిస్తున్న ఉద్దానం వైపు వారికి మరొక మాట చెప్పాలి. సంతల్లో పేరు లేని పొట్లాల్లో అమ్మే కడుపునొప్పి పొడులు దయచేసి కొనకండి. వాటిలో ఏం కలిపారో తెలియదు. ఈశ్వరి వేరు కలిసి ఉంటే, అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సరుకూ కారణమవుతుంది. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరిగి పొటాషియం పడిపోతుంది. సునాముఖి కలిసిన పొడికి పేగు అలవాటుపడవచ్చు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు, మీరు వాడుతున్న ప్రతి చూర్ణం డబ్బానూ సంచిలో వేసుకుని వెళ్లి, మాత్రలతో పాటు వాటినీ ఆయన ముందు పెట్టండి.