కర్ర ఎవరిది?

బెంగళూరు వెళ్లడం నాకు బొత్తిగా ఇష్టం లేదని ముందే చెప్పేస్తాను. తాడేపల్లిగూడెంలో శేషాద్రి ఎక్కితే మర్నాడు ఎండెక్కాక దిగుతాం. దిగిన దగ్గర నుంచి ఆటోవాళ్లతో బేరాలు. మా ఊళ్లో రెండు కాఫీల డబ్బుతో వెళ్లిపోయే దూరానికి అక్కడ రెండు వందలు అడుగుతారు, అదీ మొహం పక్కకు తిప్పుకొని. కానీ బాబాయికి డెబ్బై దాటాయి. ఒంటరిగా పంపడానికి పిన్ని ఒప్పుకోలేదు. బాబాయి మానుకోవడానికి ఒప్పుకోలేదు. మధ్యలో దొరికింది నేను.

మాది మాధవరం. దాని ముందు ‘మిలటరీ’ అని ఎందుకు చేర్చి పిలుస్తారో గూడెం చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. అలాంటి ఊళ్లో బాబాయికి ఒక చిన్న అవమానం ఉంది. అందరూ తుపాకుల కథలు చెబుతుంటే ఆయనది డ్రమ్ము కథ. సైన్యంలో మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీర్ల దళం ఉంది, దాని బ్యాండులో సైడ్ డ్రమ్ము. ‘యుద్ధం వస్తే శత్రువుకు తాళం వేస్తావా?’ అని అరుగు మీద కూర్చున్నవాళ్లు ఏడిపించేవారు. యుద్ధం వస్తే బ్యాండు వాళ్లు వాయిద్యాలు పక్కన పెట్టి స్ట్రెచర్లు మోస్తారనీ, దానికీ తర్ఫీదు ఉంటుందనీ ఆయన చెబుతూనే ఉండేవాడు. ఎవరూ వినేవారు కాదు. నేనూ సరిగా వినలేదు.

కృష్ణరాజపురంలో దిగి, ఆటోల జోలికి పోకుండా మెట్రో మెట్లెక్కించాను. 2025 ఫిబ్రవరిలో టికెట్ల ధరలు పెంచాక అదీ చవక కాదు గానీ, కనీసం బేరం ఉండదు. సంచులు తనిఖీ చేసే చోట బాబాయి సంచి ఆగిపోయింది. లోపల తువ్వాలులో చుట్టిన రెండు కర్రలు. అక్కడున్న అమ్మాయి వాటిని పైకి తీసి ‘ఏనిదు?’ అంది. డ్రమ్ము కర్రలని నేను తెలుగులోనూ హిందీలోనూ చెప్పాను. ఆమె నా మొహమూ కర్రలూ మార్చి మార్చి చూసింది. బాబాయి ఏమీ మాట్లాడలేదు. కర్రలు తీసుకుని, పక్కనున్న స్టీలు బల్ల అంచు మీద మొదలుపెట్టాడు.

అప్పుడు చూశాను ఆ చేతులని. కుడిచెయ్యి మనం సుత్తి పట్టుకున్నట్టే పట్టుకుంది. ఎడమచెయ్యి మాత్రం వెల్లకిలా ఉంది. బొటనవేలి మొదట్లో కర్ర ఇరుక్కుని, ఉంగరం వేలి మీద ఆని ఉంది. డ్రమ్ము మెడలోంచి పట్టీకి వేలాడి ఎడమ తొడ మీద ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి అలా తిరగకపోతే దెబ్బ పడదట. బొటనవేలి సందులో ఏళ్లనాటి కాయ ఇంకా ఉంది. ముందు నెమ్మదిగా, ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు. తర్వాత వేగం అందుకుని, చివరికి దెబ్బలన్నీ కలిసిపోయి బల్ల మీద వడగళ్లు పడుతున్నట్టు అయింది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నవ్వి సంచి ఇచ్చేసింది.

మెట్రోలో బాబాయి చెప్పాడు. ఇంగ్లీషు వాళ్లు ఆ వరసను ‘డాడీ–మమ్మీ’ అంటూ నేర్పేవారట. వీళ్ల జట్టులో పలమనేరు ఆయన దాన్ని ‘అత్త–మామ’ చేశాడు. కుడిచేత్తో అత్‌–త, ఎడమచేత్తో మా–మ. ‘మామ దగ్గర మెత్తబడకూడదురా, ఎడమచెయ్యి ఎప్పుడూ మెత్తబడుతుంది’ అన్నాడు బాబాయి, నాకేదో రేపు పరేడ్ ఉన్నట్టు.

మేము వెళ్తున్నది ఆ పలమనేరు ఆయన ఇంటికే. ఆయన పెద్ద డ్రమ్ము వాయించేవాడు. రిటైరయ్యాక హలసూరులోనే స్థిరపడి, పోయిన ఏడాది కాలం చేశాడు. అప్పుడు ఎవరూ సమయానికి చేరుకోలేకపోయారు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకోవడం.

సోమేశ్వరుడి గుడి దాటాక సందులోకి తిరిగి రెండో అంతస్తు. నేను ఊహించుకున్నది వేరు. దండ వేసిన ఫొటో, ముగ్గురు ముసలివాళ్లు, కాసేపు ఏడుపు, ఒకరిద్దరు నాలుగు మాటలు చెప్పడం. ఫొటో ఉంది, దండ ఉంది. ఫొటో పక్కన మేకుకి పెద్ద డ్రమ్ము కొట్టే కర్ర వేలాడుతోంది. దాని చివరి ఉన్ని గుండు నెరిసిన జుట్టులా రేగిపోయి ఉంది. ఏడుపు మాత్రం లేదు. మేము చెప్పులు విడిచేలోపే బాబాయికీ, ముందే వచ్చి కూర్చున్న పాత జట్టు నెల్లూరు ఆయనకీ పోట్లాట మొదలైంది.

సంగతి 1984 జనవరి నాటిది. ఢిల్లీ విజయ్ చౌక్‌లో 29న జరిగే బీటింగ్ రిట్రీట్‌కు, అంటే గణతంత్ర వేడుకల ముగింపులో సైనిక బ్యాండ్ల ప్రదర్శనకు రిహార్సల్. చలికి వేళ్లు కొయ్యబారిపోయాయి. సైడ్ డ్రమ్ముల వరసలో ఎవరి చేతిలోంచో ఒక కర్ర జారి రోడ్డు మీద పడింది. పడిన కర్ర వంక చూడకూడదు, వంగకూడదు, అడుగు తప్పకూడదు. మిగిలిన చేత్తో లాక్కురావాలి. ఆ లోటు బయటపడకుండా వెనక నుంచి పెద్ద డ్రమ్ము ఆయన నాలుగు దెబ్బలు గట్టిగా వేశాడు. ముందుండి బ్యాండును నడిపే డ్రమ్ మేజర్ వెనక్కి తిరిగి చూడలేదు, ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కర్ర నెల్లూరు ఆయనదని బాబాయి, బాబాయిదని నెల్లూరు ఆయన. నలభై ఏళ్లుగా ఇదే.

‘ఒరేయ్, నాది పడితే నా మోచెయ్యి ఆగేది కాదా? నా మోచెయ్యి ఆగిందా?’

‘నీ మోచెయ్యి నేనెందుకు చూస్తానురా, నేను ముందుకు చూస్తున్నాను!’

అక్కడున్న మూడో ముసలాయన కొల్లం నుంచి వచ్చిన మలయాళీ. బ్యారక్‌లో నేర్చుకున్న తెలుగుతో మధ్యవర్తిత్వం చేస్తున్నాడు. వాయించింది టెనర్ డ్రమ్ము, నిలబడింది అవతలి చివర, కాబట్టి చూసింది ఏమీ లేదు. చూసినవాడు ఒక్కడే, ఆయన ఫొటోలో ఉన్నాడు. బతికుండగా ఎన్నిసార్లు అడిగినా ‘కర్ర రోడ్డుది’ అనేవాడట.

భోజనానికి ఇంటావిడ సంగటి, నాటుకోడి పులుసు చేశారు. మా గోదావరి వాళ్లకు సంగటి ముద్ద చూడగానే అన్నం ఎక్కడుందా అని కళ్లు వెతుకుతాయి. బాబాయి మాత్రం పులుసులో అద్ది చప్పున మింగేస్తున్నాడు. ఇంట్లో ఉప్పు కాస్త తగ్గితే కంచం నెట్టేసే మనిషి!

తిన్నాక అసలు పని. పాత టైరు ముక్కలు కొట్టిన మూడు చెక్కలు నేల మీద పెట్టుకున్నారు. వాటిపై తువ్వాళ్లు పరిచారు. సైనిక అంత్యక్రియల్లో డ్రమ్ములకు నల్లగుడ్డ చుట్టి, అడుగున ఉండే తీగలను వదులు చేస్తారు. అప్పుడు టకటకలాడే డ్రమ్ము గొంతు పూడుకుపోయినట్టు మోగుతుంది. తువ్వాళ్లు అందుకు. ధీరే చల్, అంటే నెమ్మది కవాతు తాళం మొదలైంది. ఎక్కడో ఒక చోట, ప్రతి వరసలోనూ, ఖాళీ వస్తోంది. నాకు తాళం తప్పినట్టనిపించి, నాలుగోసారి ఆ ఖాళీలో తొడ మీద చరిచాను.

ముగ్గురూ ఆగిపోయారు.

‘అక్కడ కొట్టకు’ అన్నాడు నెల్లూరు ఆయన. ‘అది వాడిది.’

మళ్లీ మొదటి నుంచి వాయించారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. వంటింటి గుమ్మంలో ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు.

సాయంత్రం హలసూరు చెరువు గట్టున నడిచాం. 1780లో మద్రాసులో మొదలైన తమ దళం గురించి బాబాయి నాకు చెబుతున్నాడు. తెలుగువాడైనా, మలయాళీ అయినా ఆ దళంలో చేరితే సైన్యమంతటికీ ‘తంబి’యేనట. అక్కడి నుంచి ఆటోలో బ్రిగేడ్ రోడ్డు. రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట రాతి స్తంభం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన మద్రాస్ పయనీర్లనే పాత దళం సైనికులది. చుట్టూ బట్టల దుకాణాలు, హారన్లు. ఒక కుర్రాడు దాని కంచెకి ఆనుకుని ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. ముగ్గురూ ఓ నిమిషం నిటారుగా నిలబడ్డారు. తర్వాత ఎదురుగా కాఫీ తాగుదామని వెళ్లి, ధరల పట్టిక చూసి బయటికొచ్చేశారు. ఆ డబ్బుతో మాధవరంలో పొద్దుటి పాలు వారం రోజులు వస్తాయి.

బయల్దేరే ముందు సంచి తీసుకోవడానికి మళ్లీ ఇంటికి వెళ్లాం. ఇంటావిడ కారప్పొడి సీసా చేతిలో పెడుతూ, మామూలుగా అన్నట్టు అన్నారు.

‘కర్ర ఎవరిదో ఆయన నాకు చెప్పారు.’

బాబాయి, నెల్లూరు ఆయన ఒకేసారి ‘వదినా!’ అన్నారు.

‘చెప్పనని మాట తీసుకున్నారు’ అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

రైలులో రాత్రి లైట్లు ఆర్పేశాక అడిగాను. ‘నిజం చెప్పు బాబాయ్, నీదేనా?’

‘ఆవిడకి నిజంగా తెలుసంటావా?’

‘తెలిసే ఉంటుంది.’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. బెర్తు అంచు మీద వేళ్లు మొదలయ్యాయి, అత్త అత్త, మామ మామ. పై బెర్తు నుంచి ఎవరో ‘పెద్దాయనా, కాస్త ఆపుతారా’ అన్నారు. ఆపాడు. కాట్పాడి దాటాక మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి దిండు మీద.