తెవికీలో రాసినందుకు స్టేషన్‌కి పిలిచారు: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఫోన్ చేతికొచ్చింది, ఇప్పుడు రాస్తున్నాను. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు.

మా నియోజకవర్గ నాయకుడొకరి మీద తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, పేజీ ఉంది. అందులో ఆయనపై ఉన్న కేసుల గురించి కొన్ని వాక్యాలు చేర్చాను. మూలం కూడా ఇచ్చాను, అదీ ఆయన నామినేషన్‌తో పాటు ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిటే. ఎన్నికల సంఘం సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. నా ఖాతా సొంత పేరుతోనే ఉంది కాబట్టి నన్ను పట్టుకోవడం వాళ్లకి కష్టం కాలేదు. వాట్సాప్‌లో నోటీసు వచ్చింది, వెళ్లాను.

పొద్దున బెంచీ మీద కూర్చోబెడితే లైట్లు వేసేదాకా ఎవరూ పలకరించలేదు. రైటర్ పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ మా కాలేజీలో చదువుకున్నవాడే, నన్ను చూసి తల తిప్పేసుకున్నాడు. తర్వాత ఎస్సై గారు మొదలుపెట్టారు. "ఎవరిస్తున్నారు నీకు డబ్బులు?" ఎవరూ ఇవ్వరండీ, నేను వాలంటీర్‌ని అన్నాను. "ఓహో, ఏ సచివాలయం? పాత ప్రభుత్వం బ్యాచ్‌వా?" ఇక అక్కడినుంచి నేను ఏ పార్టీ మనిషినో తేల్చడానికే గంటసేపు. వికీపీడియాకి ఓనర్ ఎవరు, ఆఫీసు ఎక్కడ, పాస్‌వర్డ్ చెప్పు. నా కొడుకు వయసు మనిషి అందరి ముందూ నువ్వు నువ్వు అంటుంటే, "మీ ప్రిన్సిపాల్‌కి ఫోన్ కలపమంటావా" అని బెదిరిస్తుంటే, ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు పెగల్లేదు.

"నా ముందే తీసెయ్" అన్నాడు. నేను తీసినా పాత కూర్పులు పేజీ చరిత్రలో ఉంటాయి, ఇంకొకరు క్షణంలో తిరిగి పెడతారు అని చెప్తే ఆటలాడుతున్నావా అని బల్ల మీద కొట్టాడు. నిజం కాదా మరి? 2013లో ఫ్రాన్స్ నిఘా సంస్థ అక్కడి వికీమీడియా సంఘం అధ్యక్షుణ్ణి పిలిపించి, అదుపులోకి తీసుకుంటామని బెదిరించి, ఒక సైనిక రేడియో కేంద్రం పేజీని తీయించింది. స్విట్జర్లాండ్‌లో ఉన్న ఇంకో వాలంటీర్ దాన్ని మళ్లీ పెట్టేశారు, కొద్ది రోజుల్లోనే ఫ్రెంచ్ వికీపీడియాలో అందరూ ఎగబడి చదివిన పేజీ అదే అయింది.

ఆఖరికి తెల్లకాగితం ఇచ్చి "ఇకపై రాయనని రాసివ్వు" అన్నారు. చేతులు వణికాయి కానీ ఆ ముక్క రాయలేదు. విచారణకు హాజరయ్యానని మాత్రం రాసి సంతకం పెట్టాను. ఫోన్ లాక్కున్నారు, రసీదు లేదు. లాయర్ గారు దరఖాస్తు పెట్టాకే అది కదిలింది.

మీకూ ఇలా వస్తే నోటీసు కాగితం మీద అడగండి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద పిలిచేటప్పుడు వాట్సాప్ నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌వర్డ్ ఇవ్వకండి. లాయర్ లేకుండా గడప తొక్కకండి. "నాకు సీఐ గారు తెలుసు, నేను మాట్లాడతా" అనే బంధువుల్ని, లోకల్ విలేకరుల్ని దగ్గరికి రానివ్వద్దు. మా బంధువు ఒకాయన మాట్లాడొచ్చి, ఆ నాయకుడి ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుంటే అయిపోతుందని నాకే సలహా చెప్పాడు.

అసలు ఎఫ్‌ఐఆర్ ఉందో లేదో ఇంతవరకు చెప్పలేదు. పోలీసు సైట్‌లో వెతికితే దొరకలేదు. సోమవారం ఆర్టీఐ వేస్తున్నాను. నేను రాసిన వాక్యాలు మాత్రం పేజీలో అలాగే ఉన్నాయి, ఎవరో వాటికి రెండో మూలం కూడా చేర్చారు.