లోడు ఎప్పటికి చేరాలో చెప్పినవారి బాధ్యత

భీమవరం, ఆకివీడు ప్రాంతాల నుంచి ఐసు వేసి సర్దిన చేపల లోడుతో బయలుదేరే లారీ హౌరా చేరాలంటే జాతీయ రహదారి మీద దాదాపు 1,100 కిలోమీటర్లు నడవాలి. లోడు ఎత్తిన 22 గంటల్లో దింపాలనీ, ఆలస్యమైతే కిరాయిలో కోత తప్పదనీ సరుకు పంపే పార్టీ షరతు పెట్టిందనుకుందాం. భోజనాలు, టోల్ ప్లాజాలు, తనిఖీలు, టైర్లు చూసుకోవడం, కాసేపు నడుం వాల్చడం అన్నీ కలిపి ఐదు గంటలు తీసేస్తే మిగిలేవి 17 గంటలు, అంటే సగటున గంటకు 65 కిలోమీటర్లు. వేగాన్ని కట్టడి చేసే స్పీడ్ గవర్నర్ పరికరంతో గంటకు 80 కిలోమీటర్లకు మించి పోకూడని లోడు బండి, ఊళ్లు వచ్చినప్పుడల్లా వేగం తగ్గించుకుంటూ ఆ సగటును అందుకోవడం నిజాయితీగా జరిగే పని కాదు.

ఇలాంటి షరతు గురించి మన చట్టం మౌనంగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 183వ సెక్షన్, పరిమితి దాటి నడిపిన డ్రైవర్‌తో పాటు అలా నడిపించిన యజమానినీ శిక్షార్హుణ్ణి చేస్తుంది. అదే సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ మరో అడుగు ముందుకు వేసి, వేగ పరిమితిని ఉల్లంఘించకుండా పూర్తిచేయడం సాధ్యం కాదని కోర్టు భావించే గడువును ఎవరు విధించినా, ఆ టైమ్‌టేబుల్ గానీ ఆ ఆదేశం గానీ వారు నేరం చేశారనడానికి ప్రాథమిక సాక్ష్యమే (ఎదురు రుజువు లేకపోతే సరిపోయేది) అవుతుందని చెబుతుంది. ఇంత పదునైన నిబంధన చేతిలో ఉండగా చలానా మాత్రం ఎప్పుడూ బండి నంబరు మీదే రావడం నాకు బాధ కలిగిస్తుంది. 2019 సవరణ తరువాత కూడా భారీ వాహనానికి జరిమానా 2,000 నుంచి 4,000 రూపాయలే గనుక, కిరాయి కోతకు భయపడే డ్రైవర్ దానిని లెక్కచేసే పరిస్థితిలో ఉండడు.

పని గంటల సంగతీ అంతే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025లో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చే వరకు, రోజుకు ఎనిమిది గంటల పనిని, ఐదు గంటలకు మించి ఏకబిగిన నడపకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతిని నిర్దేశించింది. ఇద్దరు డ్రైవర్లున్నా ఒక రోజులో దక్కేవి 16 గంటలే కాబట్టి, పై షరతు వేగం విషయంలోనే కాక నిద్ర విషయంలోనూ చట్టాన్ని దాటిపోతుంది.

ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో అమలవుతున్న భారీ వాహనాల జాతీయ చట్టం, సరుకు పంపేవారు, ఎక్కించేవారు, అందుకునేవారితో పాటు ప్రయాణ వేళలు నిర్ణయించే షెడ్యూలర్‌ను కూడా బాధ్యుల జాబితాలో చేర్చింది. డ్రైవర్‌ను అతివేగానికి పురికొల్పే ఒప్పందం కుదుర్చుకోవడమే అక్కడ నేరం. మన దగ్గర సరుకు యజమాని డ్రైవర్‌కు జీతమిచ్చే యజమాని కాదు కాబట్టి తప్పించుకునే సందు ఉందని కొందరు వాదించవచ్చు. అయితే నాలుగో ఉపసెక్షన్ మాట్లాడేది ఆదేశం ఇచ్చిన వ్యక్తి గురించి గనుక, ఆ వాదనను కోర్టులో గట్టిగా ఎదుర్కోవచ్చని నా అభిప్రాయం.

ఈ రోజుల్లో ఆ ఆదేశం కాగితం మీద ఉండదు, "తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలి" అనే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు దర్యాప్తు అధికారి డ్రైవర్ లైసెన్సుతో ఆగిపోకుండా ఆ మెసేజ్‌ను, ఫాస్టాగ్‌లో నమోదైన టోల్ వేళలను, జీపీఎస్ రికార్డును కూడా సేకరించి, భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువపత్రంతో కోర్టు ముందు పెట్టాలి. డ్రైవర్లకు నేను చెప్పేది ఒక్కటే: గడువు చెబుతూ వచ్చిన ఏ మెసేజ్‌నూ ట్రిప్పు ముగిసిందని చెరిపేయకండి, మరో ఫోన్‌లోకి కూడా పంపి ఉంచుకోండి.