సగటు తీసినా పోని మచ్చలు

హోలోగ్రాఫిక్ మైక్రోస్కోపులో మొదటి ఎర్ర రక్తకణం అందంగానే కనిపించింది. లేజర్ కాంతిని రెండు కిరణాలుగా చీల్చి, కణం గుండా వెళ్లినదాన్ని వెళ్లని రిఫరెన్స్ కిరణంతో కలిపితే పడే గీతల చిత్రమే హోలోగ్రామ్; దాన్నుంచే కణం మందం లెక్కగడతాం. చిక్కంతా దాని చుట్టూ ఉన్న ఖాళీతోనే. కాంతి తరంగం ఎక్కడ ఎంత వెనకబడిందో చూపే ఫేజ్ చిత్రం అక్కడ చదునుగా ఉండాలి, కానీ ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉంది. పైగా అక్కడక్కడా వలయాలు, అడ్డంగా సన్నటి చారలు. కొలిస్తే ఆ గరుకు 0.1 రేడియన్ (ఒక పూర్తి తరంగం అంటే దాదాపు 6.28 రేడియన్లు). వినడానికి చిన్నదే. కానీ మా హీలియం-నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు, కాబట్టి అది కాంతి మార్గంలో 10 నానోమీటర్ల తేడా. కణానికీ చుట్టూ ఉన్న ద్రవానికీ వక్రీభవన గుణకంలో తేడా 0.06 అనుకుంటే, మందంలో దాదాపు 170 నానోమీటర్ల పొరపాటు. కణం మందమే 2 మైక్రాన్లు!

ముందు సాఫ్ట్‌వేర్ మీద పడ్డాను. ప్రతి పిక్సెల్‌కూ చుట్టుపక్కలవాటి మధ్య విలువను ఇచ్చే మీడియన్ ఫిల్టర్ వేస్తే మచ్చలతో పాటు కణం అంచూ చెదిరిపోయింది. సరేనని 50 హోలోగ్రామ్‌లు తీసి సగటు చేశాను. ఫ్రేముల సంఖ్య వర్గమూలం లెక్కన నాయిస్ (ఆ గరుకు) ఏడో వంతుకు దిగాలి. దిగలేదు. రాత్రంతా ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. తప్పు నా ఆలోచనలోనే ఉంది. కెమెరా నాయిస్ ఫ్రేముకో రకంగా ఉంటుంది, సగటులో పోతుంది. లేజర్ కాంతి దుమ్ము రేణువులకు తగిలి పుట్టే మచ్చలు మాత్రం 50 ఫ్రేముల్లోనూ ఉన్నచోటే ఉంటాయి.

చారల సంగతి ముందు తేలింది. రిఫరెన్స్ కిరణానికి అట్టముక్క అడ్డం పెడితే హోలోగ్రామ్ గీతలు పోయాయి, ఇవి పోలేదు. అంటే కణం వైపు కిరణంలోనే ఏదో జరుగుతోంది. స్క్రీన్ చూస్తూ ఒక్కో మౌంటునూ వేలితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లాను. కాంతి తగ్గించడానికి పెట్టిన న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్‌ను తట్టగానే చారలు కదిలాయి. దానికీ, కిరణాన్ని రెండుగా చీల్చే బీమ్ స్ప్లిటర్ ముఖానికీ మధ్య కాంతి అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఫిల్టర్‌ను కాస్త వాల్చగానే ఆ దొంగ కిరణం పక్కకు పోయింది.

దుమ్ము అంత తేలిగ్గా లొంగలేదు. లెన్సులు తుడిచాను (ఒకదాని మీద కొత్త గీత కూడా పెట్టాను, ఆ సంగతి ఇక్కడ వద్దు). కణం వైపు కిరణంలో గరుకు గాజు పెట్టి గిరగిరా తిప్పితే ఎక్స్‌పోజర్‌లో ఫేజ్ అంతా కలగాపులగమై హోలోగ్రామ్ గీతలే మాయమయ్యాయి. చివరికి పనిచేసింది అద్దం. ప్రతి హోలోగ్రామ్‌కూ ముందు అద్దాన్ని రవ్వంత తిప్పి, కణం మీద కాంతి పడే కోణం మార్చాను. ఫోకస్‌లో ఉన్న కణం కదలదు, ఇంకెక్కడో ఉన్న దుమ్ము నీడలు జరుగుతాయి. కోణం వల్ల వచ్చే ఫేజ్ వాలును ఒక్కోదానిలో తీసేసి 16 కలిపితే నాయిస్ దాదాపు నాలుగో వంతుకు వచ్చింది. స్థిరపరచిన కణాలు కాబట్టి సరిపోయింది, కదిలేవైతే ఇంత తీరిక ఉండదు.

ఒక్క వలయం మాత్రం ఏ కోణానికీ కదల్లేదు. కెమెరానే తిప్పి చూశాను. స్క్రీన్ మీద మిగతావన్నీ తిరిగాయి, అది అక్కడే ఉంది. సెన్సర్ ముందున్న గాజు మీద రేణువు. గాలి బుడ్డి రెండుసార్లు నొక్కితే పోయింది.