బంటి దమ్ము తెలిసేది ఆగాకే

మా బంటి లాబ్రడార్ జాతి కుక్క. బంతి విసిరితే చాలు, ఒళ్లు తెలియదు. నాలుక ఒక పక్కకి వేలాడేసుకుని రొప్పుతూ కూడా మళ్లీ తెచ్చి కాళ్ల దగ్గర పడేస్తుంది. అందుకే ఎంతసేపు పరిగెత్తిందన్న లెక్కని నేను పట్టించుకోను. అది దమ్ము కాదు, యావ. అసలు దమ్ము ఎంతో ఆగాక తెలుస్తుంది.

ఆగగానే వెనక కాలి తొడ లోపలి వైపు, బాగా పైకి, రెండు వేళ్లు పెడతాను. గట్టిగా నొక్కితే నాడి అందదు, ఊరికే ఆనించాలి. 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణిస్తే నిమిషానికి ఎంతో వస్తుంది. కాసేపు నిలబెట్టి మళ్లీ చూస్తాను. ఎంత త్వరగా దిగితే గుండె అంత గట్టిగా ఉన్నట్టు. పక్కింటి కుక్కతో పోల్చి లాభం లేదు, బంటిని బంటితోనే పోల్చాలి. అదే దారి, అదే వేగం, దాదాపు అదే ఎండ. ఎండ మారితే అంకె కూడా మారిపోతుంది.

ఊరికే పడుకున్నప్పుడు చూస్తే నాడి ఒకేలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు వేగం, వదిలినప్పుడు నెమ్మది. మొదటిసారి చూసిన వాళ్లెవరికైనా టెన్షన్ వస్తుంది కానీ కుక్కల్లో ఇది మామూలే. ఇంకో తిరకాసు, డాక్టర్ దగ్గర తీసిన నాడి. ఆ వాసనలకీ, ఆ బల్లకీ గుండె ముందే పరిగెడుతుంది. పందేల్లో పరిగెత్తే గ్రేహౌండ్ జాతి కుక్కలకైతే పందెం మొదలవకముందే, ఉత్సాహానికే నాడి పెరిగిపోతుంది. పరుగులో నిమిషానికి 300 దాకా వెళ్తుంది!

పరుగయ్యాక ఊపిరి లెక్కపెట్టడం మాత్రం దండగ. ఆ రొప్పడం ఒళ్లు చల్లబరుచుకోవడానికి. ఊపిరి చూడాలంటే గాఢ నిద్రలోనే, పక్కటెముకలు లేచి దిగడం లెక్కపెట్టాలి. నిమిషానికి 30 లోపు ఉంటే నాకు నిశ్చింత. రోజూ అంతకు మించుతుంటే డాక్టర్‌కి చూపించాల్సిందే.

లాబ్రడార్ పెంచేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఈ జాతిలో కొన్నిటికి గట్టిగా పరిగెత్తిన కొద్ది నిమిషాలకే వెనక కాళ్లు తూలి కూలబడే జబ్బుంది. డీఎన్ఎం1 అనే జన్యువులో మార్పు వల్లని 2008లో తేలింది, దానికి జన్యు పరీక్ష ఉంది. బంటికి చేయించాను, లేదని వచ్చింది. అయినా బంతి విసిరేటప్పుడు నా చూపు వెనక కాళ్ల మీదే. కాస్త తూలినట్టు అనిపించినా బంతి జేబులోకి. అది ఎంత బతిమాలినా సరే.